ఊటీ రైలు నష్టం ఎవరి ఖాతాలో?

ఊటీ టాయ్ ట్రైన్ రీల్స్ మీరూ చూసే ఉంటారు. ఈసారి కనిపిస్తే ఇంజినీర్ కళ్లతో ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ రోజుల్లో ఆవిరి ఇంజిన్ నడపడం గిట్టుబాటయ్యే పనేనా?

టికెట్ డబ్బులే చూస్తే కష్టం. మెట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు. కూనూర్ దాకా ఆవిరి ఇంజిన్, అక్కడి నుంచి డీజిల్. కల్లార్ దాటాక ఎత్తు ఎంతంటే, 12 అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకెక్కాలి. అందుకే పట్టాల మధ్య ఉన్న పళ్ల కడ్డీని పట్టుకుని ఇంజిన్ పాకుతుంది. బోగీలు కొన్నే, ప్రయాణం దాదాపు ఐదు గంటలు. అంటే అమ్మడానికి సీట్లే తక్కువ.

ఖర్చు అనగానే మనకు ఇంధనం గుర్తొస్తుంది. నిజమే, ఇంధనంలోని శక్తిలో పదో వంతు కూడా చక్రాలకు చేరదు. కానీ అసలు భారం మనుషుల పని. బయల్దేరడానికి గంటల ముందే నిప్పు రాజేయాలి, ఆ గంటలకూ జీతం ఇవ్వాలి. బాయిలర్ తరచూ కడగాలి, ట్యూబులు మార్చాలి. విడిభాగాలు బజార్లో దొరకవు. ఒకప్పుడు స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఈ ఎక్స్ క్లాస్ ఇంజిన్లను తర్వాత తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాప్‌లోనే కొత్తగా తయారుచేయాల్సి వచ్చింది. బ్రిటన్‌లో అభిమానులు చందాలు పోగేసి 2008లో పూర్తిచేసిన 'టొర్నాడో' ఇంజిన్‌కు సుమారు 30 లక్షల పౌండ్లు అయ్యాయి.

మరి మొత్తం డీజిల్ పెట్టేస్తే పోలా? అక్కడే లెక్క తప్పుతుంది. జనం వచ్చేది ఆ పొగ కోసం, ఆ కూత కోసం. 2005లో ఈ రైలుకు యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. రైలు కోసం వచ్చినవాళ్లు హోటల్‌కి, టాక్సీకి, టీ కొట్టుకి ఇచ్చే డబ్బు రైల్వే పుస్తకంలో కనిపించదు. ఖర్చు ఒకరిది, ఆదాయం పదిమందిది. కాబట్టి ఆ పదిమందీ ఖర్చులో కొంత పంచుకోవాలని నా వాదన. స్పెషల్ ట్రిప్పులకు గట్టిగానే వసూలు చేయండి, మామూలు టికెట్ మాత్రం సామాన్యుడికి అందనివ్వండి.

ఇందులో మీకేంటి అంటారా? రెండున్నాయి. మెకానికల్ వాళ్లూ, బాయిలర్ పాతబడిన సబ్జెక్ట్ అనుకోకండి. థర్మల్ కేంద్రాలు, ఫార్మా, చక్కెర ఫ్యాక్టరీలు దాని మీదే నడుస్తాయి. కొంత అనుభవం వచ్చాక బాయిలర్ ఆపరేషన్ ఇంజినీర్ పరీక్ష రాస్తే ఆ సర్టిఫికెట్‌కు విలువుంది. రెండోది అన్ని బ్రాంచిలకూ. రేపు ఇంటర్వ్యూలో 'ఈ ప్రాజెక్ట్ నష్టాల్లో ఉంది, మూసేద్దామా?' అని అడిగితే వెంటనే అవును, కాదు అనకండి. నష్టం ఎవరి ఖాతాలో, లాభం ఎవరి జేబులో అని ముందు మీరే అడగండి.