బొగ్గుగనిలో పిట్ట

జబ్బు ముదిరాక ఆసుపత్రి ఖర్చులకు చందాలు పోగుచేయడం మనకు బాగా తెలిసిన పని. పేటలో ఎవరికో క్యాన్సర్ అని తెలియగానే పదిమంది కదులుతారు. కుర్రాళ్ళు దుకాణాల వెంట తిరుగుతారు, ఎవరో ఒక తల్లి చేతి గాజు తీసి ఇస్తుంది. ఈ మంచితనాన్ని మేము తక్కువ చేయడం లేదు. కాని ఆ జబ్బు ముదరకముందే పట్టుకునే మార్గం వెతుకుతున్నాం, దానికి చందా ఇవ్వండి అని ఎవరైనా మన గుమ్మంలో నిలబడితే ఏమంటాం? రోగి ఎక్కడ, చూపించు అంటాం. రోగి కళ్ళముందు లేకపోతే మనకు జాలి పుట్టదు. ఈ విషయంలో అమెరికావాడికీ మనకూ పెద్ద తేడా లేదు. ఈ అలవాటుకు ఎదురు నడిచిన ఇద్దరి గురించి ఈ వారం రాయాలనుకున్నాం.

మొదటివాడు డాన్ లిస్ట్‌విన్. కెనడావాడు, చదివింది ఇంజనీరింగు. 1990లలో కాలిఫోర్నియాలోని సిస్కో కంపెనీలో పెద్ద పదవులు చేసి, ఇంటర్నెట్ తెచ్చిన సంపదలో తన వాటా తానూ అందుకున్నాడు. ఆయన తల్లికి ఒంట్లో బాగోలేక డాక్టర్ల దగ్గరకు వెళితే మూత్రాశయంలో ఇన్ఫెక్షన్ అన్నారు. మందులిచ్చి పంపారు. అసలు రోగం అండాశయ క్యాన్సర్. అది తేలేనాటికి చేయగలిగింది పెద్దగా మిగల్లేదు. కొడుకు దగ్గర డబ్బుంది, పరపతి ఉంది, ఎంత పెద్ద డాక్టరునైనా పిలిపించగల స్తోమతు ఉంది. ఏదీ అక్కరకు రాలేదు. మన ఇళ్ళలో అమ్మీలు, ఖాలాలు కడుపు ఉబ్బరమనో, నడుం నొప్పనో అంటే వామునీళ్ళు తాగించి పడుకోబెట్టే మనకు ఈ కథ పరాయిదేమీ కాదు.

లిస్ట్‌విన్‌ను కుదిపిన సంగతి ఒకటుంది. అండాశయ క్యాన్సర్ ఆ అవయవం దాటకముందే దొరికితే అయిదేళ్ళ తర్వాత కూడా పదిమందిలో తొమ్మిదిమంది బతికి ఉంటారు. ఒళ్ళంతా పాకాక దొరికితే ముగ్గురిలో ఒకరు మిగలడం గగనం. అయినా పరిశోధనకు వెచ్చించే సొమ్ములో సింహభాగం పాకిన తర్వాతి మందులకే పోతుంది. ఇందులో వింతేమీ లేదు. మందు నెలనెలా అమ్ముడవుతుంది. పరీక్ష ఏడాదికో, మూడేళ్ళకో ఒకసారి అమ్ముడవుతుంది, పైగా అది నిజంగా ప్రాణాలు కాపాడుతుందో లేదో తేలడానికి పది, ఇరవై ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళు కాచుకు కూర్చునే షావుకారు ఎవడు? కాచుకునేది ధర్మ సొమ్మొక్కటే.

అలా 2004లో కెనరీ ఫౌండేషన్ పుట్టింది. కెనరీ అంటే పసుపుపచ్చ పిట్ట. పూర్వం ఇంగ్లండు బొగ్గుగనుల్లోకి కార్మికులు ఆ పిట్టను పంజరంలో పెట్టుకుని దిగేవారు. వాసన లేని విషవాయువు కమ్ముకుంటే మనిషికంటే ముందు పిట్ట సొమ్మసిల్లుతుంది, మనుషులు పైకి పరుగుతీస్తారు. 1986లో గాని ఆ పిట్టలకు అక్కడ గనుల నుంచి సెలవు దొరకలేదు. సింగరేణి ఎరిగిన పాఠకులకు ఈ పేరులోని బరువు విడమరచి చెప్పనక్కరలేదు.

రెండవవాడు మన దేశంలో, అంబాలాలో 1962లో పుట్టిన డాక్టర్ సంజీవ్ గంభీర్. చిన్నతనంలోనే అమెరికా చేరి, భౌతికశాస్త్రం చదివి, ఆపైన వైద్యం చదివాడు. ఒంటి లోపల కణాల స్థాయిలో జరిగేదాన్ని కోత లేకుండా బొమ్మకట్టి చూడటం ఆయన విద్య. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్యాన్సర్‌ను ముందుగా కనిపెట్టడానికే ప్రత్యేకంగా 2009లో కెనరీ కేంద్రం తెరిచినప్పుడు దాని బాధ్యత ఆయనకే అప్పగించారు. 2011లో ఆయన, సహ పరిశోధకురాలు షారన్ హోరీ కలిసి ఒక లెక్క ప్రచురించారు. వాడుకలో ఉన్న రక్తపరీక్షలకు దొరికే ముందు అండాశయపు గడ్డ సుమారు పదేళ్ళు గుట్టుగా పెరగవచ్చునని, అప్పటికి దాని అడ్డుకొలత 25 మిల్లీమీటర్లు ఉండవచ్చునని ఆ లెక్క తేల్చింది. అంటే ఉసిరికాయంత. పదేళ్ళు! లిస్ట్‌విన్ తల్లి కడుపులో ఆ గడ్డ ఎన్నేళ్ళు ఉందో ఎవరికి తెలుసు?

ఇక్కడ మా కలం కొంచెం ఆగింది. అందరి క్యాన్సర్లనూ ముందే పట్టుకోవాలని పగలూ రాత్రీ పనిచేసిన గంభీర్ ఒక్కగానొక్క కొడుకు మెదడు క్యాన్సర్‌తో 2015లో పోయాడు. పదహారేళ్ళ పిల్లవాడు. అది తండ్రి పరిశోధించే జబ్బుల్లో ఒకటి, తండ్రి ప్రయోగశాలలోని ఏ యంత్రమూ దానికి అడ్డు నిలవలేకపోయింది. ఆయన మళ్ళీ పనిలోకి వెళ్ళాడు. మలమూత్రాలను రోజూ తనంతట తానే పరీక్షించే మరుగుదొడ్డి గురించి 2020 ఏప్రిల్‌లో ఆయన బృందం ప్రచురించిన వ్యాసం చదివి నవ్విన వాళ్ళున్నారు. ఒంట్లో మార్పును రోజూ గమనించేవాడు లేకపోవడమే ఆ మనిషి బాధ అని తెలిస్తే నవ్వు రాదు. అదే ఏడాది జూలైలో గంభీర్ కూడా క్యాన్సర్‌తోనే కన్నుమూశాడు. వయసు 57.

దుఃఖం డబ్బు తెస్తుంది, పట్టుదల తెస్తుంది. జవాబు మాత్రం తేదు. ఈ మాట నిష్ఠురంగా ఉన్నా చెప్పక తప్పదు. బ్రిటన్‌లో ప్రభుత్వ నిధులు, ధర్మసంస్థల నిధులు కలిపి రెండు లక్షలకు పైగా స్త్రీలతో అండాశయ క్యాన్సర్ పరీక్షలపై అధ్యయనం 2001లో మొదలైంది. ఫలితం 2021లో వెలువడింది. రక్తపరీక్ష ఏటా చేయించిన వారిలో జబ్బు ముందు దశలో దొరకడం పెరిగింది. చావులు తగ్గలేదు. ముందే దొరికితే బతుకుతారన్న మాట అన్ని వేళలా నిజం కాదన్నమాట. విజయవాడలో రైలెక్కినవాడూ కాజీపేటలో ఎక్కినవాడూ సికిందరాబాదులో ఒకే నిమిషానికి దిగుతారు. మొదటివాడు రైల్లో ఎక్కువసేపు కూర్చున్నాడు, అంతే. అయిదేళ్ళ లెక్కల్లో కొంత ఇలాంటి మాయ ఉంటుంది.

కెనరీ వారిలో మాకు నచ్చిన గుణం కూడా ఇదే. ముందుగా కనిపెట్టడమే తమ వ్రతమైనా, కనిపెట్టినదాన్నల్లా కోసి పారేయమని వారు అనలేదు. ప్రోస్టేట్ క్యాన్సర్ చాలామందిలో నత్తనడక నడుస్తుంది, ఆపరేషన్ వల్ల కలిగే బాధ జబ్బు బాధను మించిపోతుంది. అటువంటి వారిని కోయకుండా, కనిపెట్టుకుని ఉంటూ ఏళ్ళ తరబడి పరిశీలించే అధ్యయనాన్ని 2008లో వారే మొదలుపెట్టారు. పండుగ రాయితీ అంటూ ఒంటి మొత్తానికి పరీక్షల ప్యాకేజీలు అమ్మే మన నగరాల కేంద్రాలవారు దీన్ని ఒకసారి చదివితే బాగుండును.

మరి నిలిచిన ఫలితాలు లేవా? ఉన్నాయి, మన పొరుగునే ఉన్నాయి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోదే, చివరి నిజాం పేరు మోసినదే. (2023లో ఆ పేరు ధారాశివ్‌గా మార్చారు.) అక్కడి పల్లెల్లో 30 నుంచి 59 ఏళ్ళ మధ్య వయసు స్త్రీలు 1,31,746 మందితో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలపై అధ్యయనం జరిగింది. దానికీ సొమ్ము ఇచ్చింది ఒక ధర్మసంస్థే, గేట్స్ దంపతులది. హెచ్‌పీవీ అనే వైరస్ కోసం జీవితంలో ఒకే ఒక్కసారి పరీక్ష చేసిన పల్లెల్లో ఆ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి పడిపోయాయని 2009లో ప్రకటించారు. ముంబయి మురికివాడల్లో టాటా ఆసుపత్రి వారు ఇంకా చవకగా, సిర్కాలోని ఆమ్లాన్ని పూసి కంటితో చూసే పద్ధతిని రెండేళ్ళకోసారి చొప్పున చేయించారు. చేసినవారు డాక్టర్లు కారు, పదో తరగతి చదివి నాలుగు వారాల శిక్షణ పొందిన ఆడపిల్లలు. మరణాలు 31 శాతం తగ్గాయి. ఇది 2013 నాటి మాట.

ఇంత తెలిశాక, దేశంలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ఏం చెప్పింది? ముప్పై నుంచి నలభై తొమ్మిదేళ్ళ స్త్రీలలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. రొమ్ము పరీక్ష అయితే నూటికి ఒక్కరు కూడా లేరు. పరీక్ష లేక కాదు. అడగడానికి స్త్రీకి సిగ్గు, ఆమెను పంపడానికి ఇంటివారికి బద్ధకం. మగ డాక్టరు ఉంటాడేమోనన్న సంకోచం ఉంటే లేడీ డాక్టరు ఏ రోజు వస్తుందో కనుక్కోవచ్చు. అది కూడా కనుక్కోం. ముప్పై దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. చీటీ పట్టుకుని ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరుగుతూనే ఉంది. తలుపు తీసిన మగవాడు మాత్రం, 'మా ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేదమ్మా' అని చెప్పి పంపేస్తున్నాడు.