తెగిపోయిన సున్నా ఎవరి ఖాతాలో?

లక్షా పాతిక వేల రూపాయల మొత్తాన్ని ఆరు బైట్ల చోటులో రాయమని సీ భాషకు చెప్పి చూడండి. 'ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్' అనే ఫంక్షన్ బుద్ధిగా చెప్పినట్టే చేస్తుంది. 125000లో మొదటి ఐదు అంకెలు రాసి, ఆరో బైట్‌లో ఇక్కడికి అయిపోయిందన్న గుర్తు పెడుతుంది. కాగితం మీద 12500 అని వస్తుంది. ప్రోగ్రామ్ ఆగదు, మెషిన్ హ్యాంగ్ కాదు, ఎర్ర లైటు వెలగదు. లక్షా పాతిక వేలు కాస్తా పన్నెండున్నర వేలైంది. మా వృత్తిలో దీన్ని 'సేఫ్ కోడ్' అంటున్నారు. నా పేచీ అక్కడే.

ఇంటింటికీ తిరిగి రీడింగ్ చూసి, అక్కడికక్కడే చీటీ చింపి ఇస్తారే, వాళ్ల చేతిలోని బిల్లింగ్ మెషిన్లకు నేను ఫర్మ్‌వేర్ రాస్తాను. రెండంగుళాల థర్మల్ రోలు, మామూలు సైజులో వరసకు 32 అక్షరాలు. మెమరీ కిలోబైట్లలో లెక్క. అందుకని పేరుకింత, అడ్రసుకింత, మొత్తానికింత అని ముందే చోటు కట్టేసుకుంటాం. దాని పేరే బఫర్. జావాలోనో పైథాన్‌లోనో రాస్తే ఈ గొడవే ఉండదు కదా అంటారు కుర్రాళ్లు. నిజమే, ఆ చిప్‌లో అవి పడితే.

సీలో మొదటినుంచీ ఉన్న 'ఎస్‌ప్రింట్‌ఎఫ్' అసలు చోటెంత అని అడగనే అడగదు. ఎంత రాయాలో అంతా రాసేస్తుంది, మిగిలింది గట్టు తెగిన నీళ్లలా పక్క మడిలోకి పోతుంది. పక్కన ఏ వేరియబుల్ ఉంటే దాని ఖర్మ. 'గెట్స్' అని దానికి ఒక చుట్టం ఉండేది, కీబోర్డు నుంచో నెట్‌వర్క్ నుంచో వచ్చినదాన్ని హద్దూ పద్దూ లేకుండా మింగేది. 1988 నవంబర్‌లో రాబర్ట్ మోరిస్ అనే కార్నెల్ విద్యార్థి వదిలిన వర్మ్ అమెరికా ఇంటర్నెట్‌ను కుదిపేసిందంటే, అది వాడుకున్న దారుల్లో ఒకటి ఇదే. ఫింగర్ అనే సర్వీసులో 512 బైట్ల బఫర్, దాన్ని నింపడానికి గెట్స్. గెట్స్‌ను సీ ప్రమాణంలోంచి తీసెయ్యడానికి 2011 దాకా పట్టింది. చోటెంతో ముందే అడిగే ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ మాత్రం 1999 ప్రమాణంలోనే చేరింది. మన ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఏళ్ల తరబడి రాజ్యమేలిన టర్బో సీ అంతకు ముందు కాలంది. నీలి తెర మీద సీ నేర్చుకుని వచ్చిన పిల్లలకు ఈ ఫంక్షన్ ఉద్యోగంలో చేరాకే ఎదురైందంటే వాళ్ల తప్పేముంది?

ఇప్పుడు ఆడిట్ల కాలం. 'కోడ్‌లో ఎస్‌ప్రింట్‌ఎఫ్ ఉండరాదు' అని చెక్‌లిస్టులో ఒక గడి ఉంటుంది. దానికి టిక్కు పడాలి. టిక్కు కోసం జరిగేది ఫైండ్ అండ్ రీప్లేస్. ఓ సప్లయర్ ఇలా మార్చి పంపిన కోడ్ రివ్యూకి నా టేబుల్ మీదికొచ్చింది. సైజు అడిగిన ప్రతిచోటా 'సైజాఫ్ బఫర్' అని కొట్టుకుంటూ పోయారు. బఫర్ ఆ ఫంక్షన్‌లోనే పుట్టి ఉంటే అది సరైన లెక్కే. పాయింటర్‌గా బయటినుంచి వచ్చిందా, సైజాఫ్ చెప్పేది పాయింటర్ సైజు. 32 బిట్ల చిప్‌లో అది నాలుగు బైట్లు. ముగింపు గుర్తు పోగా మూడక్షరాలు. ఇంగ్లిష్ అక్షరాల్లో వెంకటేశ్వర్లు అని ఉండాల్సిన చోట 'వెన్' వరకే వచ్చి ఆగింది. ఆ కోడ్ ఆడిట్ మాత్రం పాసైంది, ఎందుకంటే గడిలో అడిగింది ఎస్‌ప్రింట్‌ఎఫ్ ఉందా లేదా అనే.

తమాషా ఏమిటంటే, ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ మనల్ని మోసం చెయ్యదు. చోటు చాలి ఉంటే ఎన్ని అక్షరాలు రాసేదో ఆ సంఖ్యను తిరిగి ఇస్తుంది. పైన చెప్పిన లెక్కలో 6 వస్తుంది. ఇచ్చిన చోటు 6, వచ్చిన జవాబు 6. జవాబు చోటుతో సమానమైనా, మించినా తెగిందన్నమాట. మైనస్ వస్తే అసలు పనే చెడింది. ఒక్క 'ఇఫ్' చాలు. ఆ ఇఫ్ రాసేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

రాయకపోవడం ఒక ఎత్తు, ఆ సంఖ్యను తప్పుగా వాడుకోవడం ఇంకో ఎత్తు. ఒకే వరసలో పేరు, సర్వీస్ నంబరు, తేదీ అతికించేటప్పుడు వచ్చిన జవాబును కూడుకుంటూ ముందుకు జరగడం అందరికీ అలవాటు. బఫర్ 32 అనుకోండి, పేరు 40 అడిగింది. రాసింది 31 అక్షరాలే అయినా జవాబు 40. తర్వాతి దానికి మిగిలిన చోటు 32లోంచి 40 తీస్తే, గుర్తులేని పూర్ణాంకాల్లో మైనస్ ఎనిమిది ఉండదు, 4294967288 అవుతుంది. కొన్ని లైబ్రరీలు అంత సైజు చూసి ఎర్రర్ ఇస్తాయి. ఇవ్వనివి గట్టు అవతలికి వెళ్లి హాయిగా రాసేస్తాయి. ఏ ప్రమాదాన్ని తప్పించడానికి ఫంక్షన్ మార్చామో అదే పెరటి గుమ్మంలోంచి వచ్చి కూర్చుంటుంది. లినక్స్ కెర్నెల్ వాళ్లు ఈ బాధ పడలేకే, నిజంగా రాసినన్ని అక్షరాలే చెప్పే 'ఎస్‌సీఎన్‌ప్రింట్‌ఎఫ్' విడిగా పెట్టుకున్నారు.

ఇక తెలుగులో చీటీ ఇద్దామంటే మరీ ముచ్చట. సుబ్బారావు కంటికి నాలుగక్షరాలే. యూటీఎఫ్-8లో హల్లుకు మూడు బైట్లు, గుణింతపు గుర్తుకు మూడు, పొల్లుకు మూడు. మొత్తం 30 బైట్లు. 16 బైట్ల బఫర్‌లో పోస్తే 'సుబ్బ' మిగులుతాడు. 20 ఇస్తే 'సుబ్బా', ఆ పక్కన 'ర'లోంచి తెగిన ఒంటరి బైటు. దాన్ని తెర మీద ఏ ప్రశ్నార్థకంగానో చూపిస్తారు. ఫంక్షన్ బైట్లు చూసి కోస్తుంది, అక్షరం దానికెందుకు? ఇంగ్లిష్ పేర్లు పెట్టి టెస్ట్ చేసి పంపిన మెషిన్‌లో ఇది ఎప్పటికి బయటపడుతుంది!

మెమరీ చెడిపోయేకన్నా పేరు తెగడం మేలే కదా అంటే, ఒప్పుకుంటాను. కానీ కరెంటు బిల్లును జనం అడ్రస్ ప్రూఫ్‌గా ఇస్తారు. సగం పేరున్న కాగితంతో కౌంటర్ దగ్గర నిలబడేది ప్రోగ్రామర్ కాదు. మొత్తం తెగితే మరీ అన్యాయం. చీటీ మీద 12500, సర్వర్‌లో 125000. చీటీ చూసి కట్టినాయన మర్నెలకు బకాయిదారు.

కాబట్టి చోటు చాలకపోతే ఏం చెయ్యాలన్నది కోడ్ రాసేముందే తేలాలి, బఫర్ బఫర్‌కూ విడివిడిగా. పేరైతే అక్షరం విరగని చోట కోసి, తెగిందని ఒక గుర్తు పెట్టొచ్చు. ఫైలు దారి తెగితే ఆ ఫైలు తెరవకూడదు, తెగిన దారిలోనూ ఇంకో ఫైలు ఉండొచ్చు. డబ్బు తెగితే చీటీయే రాకూడదు. రీడింగ్ తీసే మనిషి విసుక్కున్నా సరే, తెర మీద ఎర్రర్ రావాలి. జీసీసీ కంపైలర్ 2017లో వచ్చిన ఏడో వెర్షన్ నుంచీ తెగే అవకాశం కనిపిస్తే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను ఆపేసి బిల్డ్ చేసిన సరుకును కొనేవాళ్లు ఎందుకు తీసుకోవాలి?

మెషిన్లు కొనే ప్రభుత్వ సంస్థలకు సోర్స్ కోడ్ చదివే మనుషులు లేకపోవచ్చు. టెండర్లలో బ్యాటరీ ఎన్ని గంటలు రావాలో, ఎంత ఎత్తునుంచి పడితే పగలకూడదో రాస్తారు. దాని కిందే ఇంకో వరస రాయమంటున్నాను: డేటాబేసులో ఉన్న అన్నిటికన్నా పొడుగు పేరూ, అన్నిటికన్నా పెద్ద బకాయీ మా ఎదుటే ఎక్కించి చీటీ కొట్టి చూపించాలి. పేరు ఒకసారి ఇంగ్లిష్‌లో, ఒకసారి తెలుగులో. ఆ చీటీని ఫైలుకు కుట్టాకే బిల్లు పాస్ చెయ్యాలి.