మౌనం అంగీకారం కాదు

సుల్తానాబాద్‌లోని మా ఆఫీసుకు ఒకరోజు సాయంత్రం పక్క ఊరి నుంచి ఒక చెల్లె వచ్చింది. గృహహింస చట్టం కింద దరఖాస్తు రాయించుకోవాలి. ఏడేళ్ళ కాపురంలో తిన్న దెబ్బలను ఆమె ఒక్కొక్కటే గుర్తు చేసుకుని చెబుతుంటే మా కార్యకర్త కంప్యూటర్‌లో టైపు చేస్తోంది. సగంలో తెర మారిపోయింది. అప్‌డేట్ జరుగుతోంది, కంప్యూటర్ ఆపవద్దు అని వచ్చింది. ముప్పావుగంట తర్వాత తెరిచి చూస్తే రాసిందంతా పోయింది. "మళ్ళ మొదటి సంది చెప్పాల్నా అక్కా?" అని ఆమె అడిగింది. బస్సు వేళయిందని లేచి వెళ్ళిపోయింది.

కంప్యూటర్ కొన్నది మనం, కరెంటు బిల్లు కట్టేది మనం. ఎప్పుడు ఆగాలో, అందులో ఏముండాలో నిర్ణయించేది మాత్రం ఎక్కడో ఉన్న కంపెనీ. అప్‌డేట్‌తో పాటు మనం కోరని ప్రకటనలు, ఆటలు, కృత్రిమ మేధ సహాయకులు, మన ఫైళ్ళను కంపెనీ సర్వర్లకు చేర్చే ఏర్పాట్లు వచ్చి కూర్చుంటాయి. తెరమీద చాలాసార్లు రెండే మాటలు కనిపిస్తాయి: 'సరే', 'తర్వాత'. 'వద్దు' అనే మాట ఉండదు.

ఈ తర్కం స్త్రీలకు కొత్త కాదు. 1978లో మధుర కేసులో ఆ అమ్మాయి ఒంటిమీద గాయాలు లేవని, ప్రతిఘటించలేదని చెప్పి సుప్రీంకోర్టు పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. దేశమంతటా స్త్రీలు వీధుల్లోకి వచ్చి పోరాడాక 1983లో చట్టం మారింది. ఆ ఘోరాన్నీ కంప్యూటర్ తెరనూ ఒకే గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. కానీ నోరు విప్పి వద్దనకపోతే ఒప్పుకున్నట్టేనన్న వాదాన్ని ఎక్కడ చూసినా మనం గుర్తుపట్టాలి.

అలాగని అప్‌డేట్లన్నీ ఆపేయడం పరిష్కారం కాదు. 2017 మేలో 'వానాక్రై' దాడి జరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని మొరాయించాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. దాన్ని పెట్టుకోని కంప్యూటర్లే దెబ్బతిన్నాయి. మరోవైపు 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల కంప్యూటర్లు ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కాబట్టి భద్రతకు అవసరమైనది వేరు, కంపెనీ తన లాభం కోసం అంటగట్టేది వేరు. ఈ రెంటినీ ఒకే మూటలో కట్టి ఇవ్వడాన్నే మనం ప్రశ్నించాలి.

ఇంట్లో ఇది ప్రాణాలమీదికి వచ్చే విషయం. ఇంటి కంప్యూటర్ పాస్‌వర్డ్ చాలాసార్లు భర్త చేతిలో ఉంటుంది. ఇద్దరికీ ఒకే ఖాతా ఉంటే ఆమె దాచుకున్న గాయాల ఫోటోలు, వకీలుకు రాసిన ఉత్తరం అతని ఫోన్‌లో ప్రత్యక్షం కావచ్చు. 2024 మేలో మైక్రోసాఫ్ట్ 'రీకాల్' అనే ఏర్పాటును ప్రకటించింది. కొన్ని కొత్త కంప్యూటర్లలో తెరమీద కనిపించేదాన్ని కొద్ది క్షణాలకొకసారి ఫోటో తీసి దాచే ఏర్పాటది. అది కంప్యూటర్‌లోనే ఉంటుంది, భయం లేదన్నారు. కానీ హింసించేవాడు అదే ఇంట్లో ఉన్న స్త్రీకి అది ఏం భద్రత?

నిరసనలు రావడంతో ఆ కంపెనీ వెనక్కి తగ్గి, కోరుకున్నవాళ్ళకే ఇస్తామంది. మన ప్రభుత్వం కూడా 2025 నవంబర్ 28న ప్రతి కొత్త ఫోన్‌లో 'సంచార్ సాథీ' యాప్ ఉండాలని, దాన్ని పనిచేయకుండా చేసే వీలుండరాదని కంపెనీలను ఆదేశించింది. వ్యతిరేకత వెల్లువెత్తడంతో డిసెంబర్ 3న ఆ నిబంధనను ఉపసంహరించుకుంది. అడిగితే మారుతుందనడానికి ఈ రెండూ సాక్ష్యాలు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చింది కావాలి. సమ్మతి కోరే మాటలను తెలుగులో చదువుకునే వీలుండాలి. 2025 నవంబర్‌లో నియమాలు వెలువరిస్తూ ఈ భాగం అమలుకు 18 నెలల గడువు పెట్టారు. అప్పటిదాకా చేతులు కట్టుకు కూర్చోనవసరం లేదు.

ప్రతి సంస్థలోనూ ఒక పూట కూర్చుని కంప్యూటర్ సెట్టింగులు తెరిచి చూడండి. విండోస్ 11లో అప్‌డేట్లను ఐదు వారాల దాకా వాయిదా వేయవచ్చు. మీ పనివేళల్లో దానంతటది రీస్టార్ట్ కాకుండా వేళలు పెట్టుకోవచ్చు. అంతకుమించి అదుపు కావాలంటే ఎక్కువ ధరపెట్టి 'ప్రో' రకం కొనాలి. వద్దనే హక్కుకూ వెల కట్టారన్నమాట! భద్రతా అప్‌డేట్లను మాత్రం పని ముగిశాక తప్పక పెట్టుకోండి. వాడని యాప్‌లను తీసేయండి. కేసుల ఫైళ్ళు మీకు తెలియకుండా సర్వర్లకు వెళ్తున్నాయేమో చూసి ఆపండి. కౌన్సెలింగ్‌కు వచ్చిన స్త్రీని ఆమె ఫోన్, కంప్యూటర్ ఎవరి ఖాతాతో నడుస్తున్నాయో అడగండి. అయితే తొందరపడి ఏదీ మార్పించవద్దు. హఠాత్తుగా మార్పు కనిపిస్తే అతనికి అనుమానం వస్తుంది. ముందు ఆమె క్షేమం చూడాలి.

ఆ చెల్లె మళ్ళీ వచ్చింది. ఈసారి మా కార్యకర్త ముందు కాగితం మీద రాసుకుంది, తర్వాతే టైపు చేసింది. మనల్ని నమ్మి చెప్పిన మాటను కాపాడటం మన బాధ్యత. అది యంత్రం దయమీద ఆధారపడకూడదు.