కలానికి బూజు పడితే

సిరాబుడ్డి మూత తియ్యగానే ముక్కిన వాసన కొట్టినా, సిరా మీద తెట్టు కట్టినా అది బూజే. వడగట్టి వాడదామనుకోకండి. కంటికి ఆనని బూజు బీజాలు గుడ్డలోంచి దిగిపోతాయి. ఆ సిరా పోసిన ప్రతి కలానికీ జబ్బు అంటుకుంటుంది.

మా నాన్నగారి ప్లాస్టిక్ ఫౌంటెన్ పెన్నుకు నేను చేసిన వైద్యం ఇది: పాళీ ఊడదీసి, నీళ్లు తేటపడేదాకా అన్నీ కడిగాను. 9 పాళ్ల నీళ్లలో 1 పాలు బ్లీచి ద్రావణం కలిపి, ప్లాస్టిక్ భాగాలను 5 నిమిషాలు నానబెట్టాను. పాళీకి సబ్బునీళ్లే, లోహానికి బ్లీచి పడదు. మళ్లీ బాగా కడిగి, రెండు రోజులు ఆరబెట్టాను.

పాత సిరా బుడ్డితో సహా పారేశాను. కొత్తది చిన్న సీసాలోకి వంపుకుని వాడుతున్నాను. మిగిలింది తిరిగి బుడ్డిలో పొయ్యను. సిరా మళ్లీ కొనుక్కోవచ్చు. నాన్నగారి కలం ఏ అంగట్లో దొరుకుతుంది?