పాత దినుసులు, కొత్త పేటెంటు

కరిగించిన లవణంలోకి కరెంటు పంపితే లోహం విడివడుతుందని శాస్త్రవేత్త డేవీ కాలం నుంచే తెలుసు. క్రయొలైట్ ఖనిజమూ తెలుసు, ఇక అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడు) సంగతి చెప్పక్కర్లేదు. మరి ఈ మూడింటినీ ఒకచోట చేర్చి అల్యూమినియం తీసినందుకు ఒహాయో కుర్రాడు చార్లెస్ మార్టిన్ హాల్‌కి 1889లో పేటెంటెందుకు? హాల్‌కి పోటీగా ఉన్న కౌల్స్ కంపెనీ కోర్టులో లేవదీసిన పేచీ దాదాపు ఇదే. ఇవ్వాల్సిందేనంటాను. అల్యూమినా విడిగా కరగాలంటే రెండు వేల సెంటీగ్రేడు డిగ్రీలు దాటాలి. కరిగిన క్రయొలైట్‌లో వేస్తే వెయ్యి డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కరెంటు దెబ్బకు అల్యూమినా విడిపోతుంది, క్రయొలైట్ చాలామటుకు అలాగే ఉంటుంది. కిటుకంతా అక్కడే. ఇది అందరికీ తోచేదే అయితే, 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొసన అల్యూమినియాన్ని అంత అపురూపంగా పెట్టుకునేవారా? 1893లో జడ్జి టాఫ్ట్ (తర్వాత దేశాధ్యక్షుడైన ఆ టాఫ్టే) హాల్ కంపెనీ పక్షానే తీర్పిచ్చాడు. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ ఇదే పద్ధతికి 1886 ఏప్రిల్‌లో దరఖాస్తు పెట్టాడు, హాల్ పెట్టింది జూలైలో. అయినా అమెరికాలో హాలే నెగ్గాడు, అక్కడ లెక్క దరఖాస్తు తేదీ కాదు, ముందు కనిపెట్టిందెవరన్నదే. ఫిబ్రవరి 23నే లోహం తీశానని అన్నకు రాసిన ఉత్తరాలతో, అక్క జూలియా సాక్ష్యంతో రుజువు చేసుకున్నాడు మరి. హాల్ నిజాయితీని శంకించను. కానీ ఇంట్లో కాగితాలు భద్రంగా దాచుకున్నవాడికే హక్కు దక్కే చట్టం మంచి చట్టం కాదు. అమెరికా ఆ నియమాన్ని 2013 మార్చిలో గానీ వదులుకోలేదు.