ఉచితమైనంత మాత్రాన చులకనా?



ఊరక వచ్చినదానికి విలువ ఉండదన్న మాటను కొందరు వేదవాక్కుగా పఠిస్తున్నారు. సొమ్ము పోసి కొన్న ఎస్సెస్సెల్ ధ్రువపత్రమే భద్రమట; లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 డిసెంబరు నుండి అందరికీ ఇస్తున్న ఉచితపత్రం నాసిరకమట! ఈ వాదం యుక్తికి నిలువదు.

ధ్రువపత్రం పలికే ప్రధాన సాక్ష్యం ఒక్కటే: ఈ డొమైను పేరు ఈ తాళపుచెవి గలవారి అధీనంలో ఉన్నదని. ఆ సాక్ష్యానికి వెల కట్టినంత మాత్రాన గూఢలిపి బలం ఇసుమంతైనా పెరగదు. నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ పత్రాలను అమ్ముకొన్న సంస్థే. 2011లో చొరబాటుదారులు దానిచేత గూగుల్ పేరిటనే దొంగపత్రం పుట్టించారు. ఆ ఏడే అది దివాలా తీసింది. వెల భద్రతకు హామీ కాదు సుమా!

మరికొందరి ఉపదేశం ఇంకా ప్రమాదకరం: "ఇంట్లో నడుపుకొనే అనువర్తనానికి పత్రమెందుకు? హెచ్చరిక వస్తే పట్టించుకోక ముందుకు నొక్కండి" అని. ఇంటిల్లిపాదికీ హెచ్చరికను లెక్కచేయకుండుట నేర్పినవాడు, నిజంగా దొంగ వచ్చిననాడు వారిని ఎట్లా ఆపగలడు? అప్పుడు కనిపించేదీ ఆ హెచ్చరికే కదా!

"పత్రం కోసం ఇంటి కంప్యూటరును లోకానికి తెరవాలి" అనేది మూడవ ఆక్షేపణ. 80వ పోర్టు వంటి వాటి ద్వారా పరీక్షించే పద్ధతులకే అది వర్తిస్తుంది. డీఎన్‌ఎస్ పద్ధతిలో, వారిచ్చిన సవాలుకు సమాధానాన్ని మన డొమైను పేరుకు ముందు "_ఎక్మీ-చాలెంజ్" చేర్చిన చోట టెక్స్ట్ రికార్డుగా ఉంచితే చాలు. వారు దానిని చదివి పత్రమిస్తారు. మన గడప తొక్కరు. ఉపనామాలన్నిటికీ చెల్లే వైల్డ్‌కార్డు పత్రాన్ని 2018 మార్చి నుండి ఈ మార్గంలోనే ఇస్తున్నారు. పత్రాల బహిరంగ చిట్టాలలో మన ఇంటి అనువర్తనాల పేర్లు విడివిడిగా బయటపడకపోవడం అదనపు లాభం.

డొమైనుకు ఏటా రుసుము తప్పదు, నిజమే. డీఎన్‌ఎస్‌ను మార్చగల టోకెను దొంగ చేతబడితే డొమైనంతా పోతుందన్న భయమూ న్యాయమైనదే. అందుకే టోకెను అధికారాన్ని కుదించాలి. లేదా ఆ సవాలు పేరొక్కదానిని సీనేమ్ రికార్డుతో వేరొక డొమైనుకు మళ్లించాలి.

ఇక "కొన్న పత్రమైతే ఏడాదిపాటు నిశ్చింత" అనేవారికొక మాట. ఏ పత్రానికైనా 2029 మార్చి 15 నుండి ఆయువు 47 రోజులకు మించరాదని ధ్రువీకర్తలు, బ్రౌజరు తయారీదారులు కలిసిన వేదిక 2025 ఏప్రిల్‌లో తీర్మానించింది. పునరుద్ధరణను యంత్రానికి అప్పగించడం అందరికీ తప్పదు. తప్పనిపనికి వెల చెల్లించి గర్వపడటం దేనికి?