పిన్‌బాల్‌కు పట్టాభిషేకం, సాంచాకు తరాజు

మన ఐటీ వాళ్ళలో ఒక వింత జబ్బుంది. అమెరికా వాడు పాత యంత్రాన్ని బాగుచేస్తే "అబ్బ, పనితనమంటే ఇదీ" అంటాం. మనూరివాడు పాత యంత్రాన్ని బాగుచేస్తే "ఇంకా ఆ డొక్కు సామానేనా" అంటాం. రెండు మాటలూ ఒకే నోట్లోంచి, ఒక్కోసారి ఒకే భోజనం బల్ల దగ్గర వస్తాయి. ఈ టపా ఆ నోటి గురించి. అందులో నా దోస్తులు చాలామంది ఉన్నారు. తిట్టుకుంటే తిట్టుకోండి, కానీ చివరిదాకా చదివి తిట్టండి.

ముందు అమెరికా సంగతి. పిన్‌బాల్ తెలుసుగా? ఏటవాలు బల్ల, పైన అద్దం, లోపల ఉక్కు గుండు, కింద రెండు ఫ్లిప్పర్లు. గుండు జారిపోకుండా కొడుతూ ఉండాలి, అంతే ఆట. ఆ ఫ్లిప్పర్లు 1947లో గాట్లీబ్ కంపెనీ వాళ్ళ హంప్టీ డంప్టీతో వచ్చాయి. 1970ల మధ్య దాకా ఈ యంత్రాల్లో కంప్యూటర్ అనేదే లేదు. స్కోరు లెక్కపెట్టడం, బంతి వదలడం, ఆట అయిపోయిందని చెప్పడం, అన్నీ రిలేలు, మోటార్లు, సోలెనాయిడ్లే చేసేవి. అంటే మనం కోడ్‌లో రాసే "ఇఫ్, ఎల్స్" మొత్తం అక్కడ తీగల్లో ఉంటుంది.

ఇలాంటివాటిని కొత్తవాటిలా చేసి ఇవ్వడమే బతుకుతెరువుగా పెట్టుకున్నవాళ్ళు అమెరికాలో ఉన్నారు. మామూలు రిపేరు కాదది. యంత్రాన్ని చివరి మర దాకా విప్పుతారు. విప్పే ముందు ప్రతి దశా ఫోటో తీస్తారు, ప్రతి తీగకూ చీటీ కడతారు. గుండు దొర్లి దొర్లి రంగు లేచిపోయిన బల్లను శుభ్రం చేసి, పోయిన బొమ్మను పాత రంగుకు సరిగ్గా కలిపి చేత్తో దిద్దుతారు. పైన కార్లకు వాడే క్లియర్ కోట్ పొరలు పొరలుగా కొట్టి, ఆరాక అద్దంలా రుద్దుతారు. ఇనుప ముక్కలకు మళ్ళీ పూత పోస్తారు. ఫ్లిప్పర్ల లోపల అరిగిన స్లీవులు, లింకులు మారుస్తారు. 1970ల చివర్నించి వచ్చిన యంత్రాల్లో ఇంకో తలనొప్పి: స్కోర్లు గుర్తుంచుకోవడానికి బోర్డు మీద పెట్టిన బ్యాటరీ ఏళ్ళ తరబడి కారి, పక్కనున్న సర్క్యూటును తినేస్తుంది. ఆ తుప్పును కడిగి, తెగిన దారుల్ని మళ్ళీ అతికి, బ్యాటరీ అక్కర్లేని మెమరీ చిప్పు పెడతారు. నెలల పని. బిల్లు వేల డాలర్లలో ఉంటుంది. ఇచ్చేవాళ్ళు ఇస్తారు. ఇవ్వాలి కూడా.

"వాళ్ళకి డబ్బుంది, పాతవంటే ప్రేముంది" అనేస్తే లెక్క తేలిపోదు. ఆ ప్రేమ మొన్నటిది. 1942లో న్యూయార్క్ నగరం పిన్‌బాల్‌ను జూదమని నిషేధించింది. మేయర్ లాగార్డియా సుత్తి పట్టుకుని స్వయంగా యంత్రాల్ని పగలగొట్టి ఫోటోలు దిగాడు. ఆ నిషేధం పోయింది 1976లో. వీడియో గేములొచ్చాక ఇంకోసారి దెబ్బ తగిలింది, 1999లో విలియమ్స్ లాంటి పెద్ద కంపెనీయే పిన్‌బాల్ తయారీ మానేసింది. అంటే ఒకప్పుడు సుత్తిదెబ్బలు తిన్న సామానుకే ఇవాళ పట్టాభిషేకం జరుగుతోంది. మధ్యలో జరిగిందేంటి? కొంతమంది పిచ్చోళ్ళు మాన్యువళ్ళు దాచారు. వైరింగ్ పటాలు పంచుకున్నారు. ఏ యంత్రం ఏ ఏడు ఎన్ని తయారైందో ఇంటర్నెట్ పిన్‌బాల్ డేటాబేస్‌లో ఎక్కించారు. ఆగిపోయిన విడిభాగాల్ని చిన్న చిన్న కంపెనీలు మళ్ళీ పోతపోసి అమ్మాయి. గౌరవం ముందొచ్చి డాక్యుమెంటేషన్ తర్వాత రాలేదు. డాక్యుమెంటేషన్ ముందొచ్చింది, దాని వెనకాల గౌరవం, ఆ వెనకాల డబ్బు వచ్చాయి.

ఇప్పుడు మానేరు దాటి మా తంగళ్ళపల్లికి రండి. వాగుకు అటు సిరిసిల్ల, ఇటు మేము. 2016లో రాజన్న సిరిసిల్ల జిల్లా అయినప్పుడు మాది మండలమైంది. టెక్స్‌టైల్ పార్కు కూడా మా మండలంలోనే, బద్దెనపల్లి దగ్గర. ఈ ప్రాంతంలో ఇరవై వేలకు పైగా మరమగ్గాలున్నాయని పేపర్లు రాస్తుంటాయి. మరమగ్గం అని పేపర్లో రాస్తారు గానీ మా దగ్గర ఎవరూ అనరు. సాంచా అంటారు. దాన్ని నడిపించుకునే చిన్న యజమాని ఆసామి. చెడిపోతే బాగుచేసేవాడు జాబర్.

సాంచాను తక్కువ అంచనా వెయ్యకండి. 1842లో ఇంగ్లండులో బులో, కెన్‌వర్తీ అనే ఇద్దరు రూపం దిద్దిన లాంకషైర్ మగ్గం తెలుసా? మన సాదా సాంచా ఆ వంశందే. నిమిషానికి వందకు పైగా సార్లు నాడె ఇటునుంచి అటు దూకాలి. పడుగు దారాలు రెండుగా విడిపోయి నోరు తెరిచిన ఆ క్షణంలోనే దూకాలి. కాస్త ఆలస్యమైతే నాడె లోపల చిక్కుకుని పడుగు మొత్తం తెగ్గొడుతుంది. అట్లా కాకుండా, నాడె గూటికి చేరకపోతే సాంచాను టక్కున ఆపే ఏర్పాటొకటి. పేక దారం తెగితే కనిపెట్టి ఆపే చిన్న ఫోర్కు ఇంకొకటి. సాదా నేతలో పై షాఫ్టు రెండు చుట్లు తిరిగితే కింది షాఫ్టు ఒక చుట్టు తిరగాలి. ఒక్క చిప్పు లేకుండా, ఒక్క సెన్సర్ లేకుండా ఇదంతా. పాత పిన్‌బాల్‌లో రిలేలు చేసే పనిని ఇక్కడ క్యాములు, లివర్లు చేస్తాయి. తేడా ఒకటే. అది ఆడుకోవడానికి చేసింది, ఇది బట్ట కట్టడానికి చేసింది.

ఈ యంత్రానికి మాన్యువల్ ఎక్కడుంది? జాబర్ చెవుల్లో ఉంది. మా వాడకట్టులో ఒక పెద్దాయన కార్ఖానా గుమ్మంలో నిలబడి, లోపల అన్ని సాంచాలు ఒకేసారి మోగుతుంటే, "తమ్మీ, మూడో దాని సప్పుడు మారింది, ఇనవడ్తలేదా?" అనేవాడు. నాకు ఒకటే మోత వినపడేది. ఆయన పోయి ఓ బోల్టు పావు చుట్టు తిప్పితే సర్దుకునేది. ఆ పావు చుట్టు ఎంత, ఎందుకు, ఏ సప్పుడుకు ఏ బోల్టు, ఇదేదీ ఎక్కడా రాసి లేదు. మన భాషలో చెప్పాలంటే ఇన్ని వేల యంత్రాల మీద నడుస్తున్న ప్రొడక్షన్ సిస్టమ్‌కు ఒక్క పేజీ డాక్యుమెంట్ లేదు, సోర్స్ కోడ్ అంతా వయసు మీరుతున్న కొందరి తలల్లో ఉంది. మీ ప్రాజెక్టులో ఇలా ఉంటే మీ మేనేజరుకు నిద్ర పడుతుందా?

ఇక ఆ సాంచాలు ఎక్కడికి పోతున్నాయి? తుక్కుకు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లతో కొన్నేళ్ళు నడిచాయి. 2024లో ఆ చీరల ఆర్డరు ఆగింది. 2025లో మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చింది. సర్కారు ఆర్డరు ఉంటే సప్పుడు, లేకపోతే తాళం. తాళం పడ్డ కార్ఖానాలో ఇనుము ఎన్నాళ్ళుంటుంది? తరాజు వస్తుంది, కిలోల లెక్కన పోతుంది.

ఇక్కడ నా దోస్తులు లేస్తారు. "పోనీయరా బై! ఆ సాంచాల మీద జనం ఎట్ల బతికిండ్రో నీకు తెలవదా? పన్నెండు గంటల మోత, దుమ్ము, అప్పులు. సిరిసిల్లను ఉరిసిల్ల అన్న రోజులు మర్చిపోయినవా? దాన్ని పట్టుకుని పూజ చేస్తవా?"

ఈ మాట నిజం కాబట్టే సూటిగా జవాబు చెప్పాలి. నేను ఒక్క నేత కార్మికుణ్ణి కూడా పాత సాంచా మీద ఉంచమనట్లేదు. కొత్త మగ్గాలు రావాలి, కూలి పెరగాలి, చెవులూ ఊపిరితిత్తులూ బాగుండాలి. 2017లో మొదలైన పవర్‌టెక్స్ ఇండియా పథకంలో సాదా మగ్గాలకు అదనపు పరికరాలు బిగించి మెరుగుపరిచే భాగముండేది, అలాంటివి ఇంకా రావాలి. కానీ బతుకుతెరువు వేరు, జ్ఞాపకం వేరు. ఇవాళ పిన్‌బాల్ బాగుచేయించుకునేవాడు దాంట్లో పడే చిల్లరతో ఇల్లు నడుపుకోవట్లేదు కదా. పాత సాంచాల్లో నూటికి తొంభైతొమ్మిది మారిపోనీయండి. మిగిలిన ఆ ఒక్కటి గురించే నా గొడవ. పైగా ఉరిసిల్ల గుర్తుండాలంటే ఆ మోత వినపడాలి. సాంచా సప్పుడు మధ్య పక్క మనిషితో మాట్లాడ్డానికి ఎంత అరవాలో తెలియనివాడికి ఆ పన్నెండు గంటలు ఏం అర్థమవుతాయి?

రెండో వాదన: "సరే, ఒకటి తీసుకెళ్ళి చౌరస్తాలో పెడదాం, రంగేసి." వద్దు బాబూ, వద్దు. రంగేసి దిమ్మె మీద నిలబెట్టిన సాంచా ముస్తాబు చేసిన శవం. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఎన్ని వేల వస్తువులున్నాయి? జనం గుంపుగా కూర్చుని ఎదురుచూసేది మాత్రం ఆ సంగీత గడియారం దగ్గర, గంట కొట్టే వేళకు లోపల్నుంచి ఆ చిన్న బొమ్మ బయటికొస్తుంది కాబట్టి. అది నడవకపోతే అదొక బీరువా. ఇంగ్లండులో బర్న్‌లీ దగ్గర క్వీన్ స్ట్రీట్ మిల్లని ఒకటుంది. 1982లో మిల్లుగా మూతపడింది, తర్వాత మ్యూజియమైంది. అక్కడ లాంకషైర్ మగ్గాలను ఆవిరి యంత్రంతో నడిపించి చూపిస్తారు. 2016లో కౌన్సిల్ దగ్గర డబ్బుల్లేక దాన్నీ మూశారు, తర్వాత మళ్ళీ తెరిచారు. దీంట్లో రెండు పాఠాలున్నాయి. నడిచే యంత్రమే మ్యూజియం. సర్కారొక్కదాన్నే నమ్ముకుంటే తాళం ఎప్పుడైనా పడొచ్చు.

మూడో వాదన అసలుది, పైకి ఎవరూ అనరు. "మాకెందుకు ఇదంతా? మేం సాఫ్ట్‌వేర్ వాళ్ళం." ఇది వింటే నాకు నవ్వొస్తుంది. మన తెలుగువాళ్ళు అంతమంది అమెరికా విమానం ఎలా ఎక్కారు? వైటూకే. సంవత్సరానికి రెండంకెలే కేటాయించిన పాత కోబాల్ ప్రోగ్రాముల్ని 2000 రాకముందే సరిచెయ్యాలని అమీర్‌పేటలో కోర్సులు చేసి పోయారు. అది రెస్టొరేషన్ పని కాదా? ఎవడో రాసి వెళ్ళిపోయిన, ఎవడూ డాక్యుమెంట్ చెయ్యని పాత సరుకును విప్పి, అర్థం చేసుకుని, ఆగకుండా నడిపించడం. ఇవాళ్టికీ మనలో సగం మంది జీతం "సపోర్ట్, మెయింటెనెన్స్" అనే పద్దులోంచే వస్తుంది. పరాయివాడి పాత యంత్రానికి జాబర్లుగా చేరి ఇళ్ళు కట్టుకున్నాం. మన ఊరి జాబర్‌ను మాత్రం డొక్కు సామాను మనిషి అంటున్నాం.

కాబట్టి నేనడిగేది చిన్నది. ఉద్యమం కాదు, ఒక ప్రాజెక్టు. ఒక్క సాంచా, తరాజు ఎక్కబోయేదాన్ని తుక్కు ధరకే కొందాం. ఒక జాబర్‌ను పెట్టుకుందాం. రోజుకూలి లెక్కన కాదు, మనం బయటి కన్సల్టెంటుకు ఇచ్చే లెక్కన. ఆయన విప్పుతుంటే పిన్‌బాల్ వాళ్ళలాగే ప్రతి ముక్కనూ ఫోటో తీద్దాం, కొలత తీసుకుని బొమ్మ గీద్దాం, దాని పేరు ఆయన పలికినట్టే తెలుగులో రాద్దాం. తప్పు సప్పుడు ఎట్లుంటుంది, సరైన సప్పుడు ఎట్లుంటుంది, రెండూ రికార్డు చేద్దాం. ఆ పావు చుట్టు ఎందుకో ఆయన మాటల్లోనే రాద్దాం. అంతా ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడదాం. మళ్ళీ బిగించాక టెక్స్‌టైల్ పార్కులో ఒక మూల అడిగి, నెలకోసారైనా నడిపి బడిపిల్లలకు చూపిద్దాం. పక్కన బోర్డు మీద డబ్బిచ్చిన మన పేర్లు వద్దు, జాబర్ పేరు ఉండాలి.

సిరిసిల్లకు పనితనం కొత్త కాదు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు ఈ ఊరివాడే. చీరకు చప్పట్లు కొట్టాం, ఫోటోలు పంచుకున్నాం. ఆ చీరల వెనకున్న యంత్రాల పని తెలిసినవాళ్ళ దగ్గర కూర్చుని ఒక్క పేజీ రాసుకోలేదు.

పిన్‌బాల్‌కు సుత్తిదెబ్బకూ పట్టాభిషేకానికీ మధ్య చాలా ఏళ్ళ గడువు దొరికింది. మనకంత లేదు. ఇనుము కావాలంటే ఎక్కడో ఒకచోట ఇంకో సాంచా దొరకొచ్చు, జాబర్ చెవులు మళ్ళీ దొరకవు. "బాగా రాశావు" అని వ్యాఖ్య పెట్టి వెళ్ళేవాళ్ళకు దండం. మీ ఊళ్ళో ఏ జాబర్ ఇంకా పని చేస్తున్నాడో కనుక్కుని, ఈ పండక్కి ఇంటికెళ్ళినప్పుడు ఆయన దగ్గర ఒక పూట కూర్చుని రాసుకొచ్చేవాళ్ళకు రెండు దండాలు.